శనివారం రాత్రులు చరిత్ర కావా?

న్యూజెర్సీ స్థానిక చరిత్ర సంఘాల పాలకవర్గ సభ్యులకు, కౌంటీ, పురపాలక గ్రంథాలయాల ట్రస్టీలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన సభ్యులారా,



మీలో ఒకరి కార్యాలయం నుంచి నాకు వచ్చిన జవాబు చదివాక ఈ లేఖ రాయకుండా ఉండలేకపోయాను. నేను ఇస్తానన్న పాత ఫొటోల పెట్టెను ఆ కార్యాలయం వద్దంది. క్రీడలకూ వినోదానికీ చెందిన వస్తువులు తమ సేకరణ పరిధిలోకి రావని చెప్పింది. పెట్టెలో ఒక ఊరేగింపు ఫొటోలూ, చర్చి విందు ఫొటోలూ కొన్ని ఉన్నాయి. వాటిని విడదీసి పంపితే సంతోషంగా తీసుకుంటారట. మిగిలినవన్నీ కార్ల రేసుల ఫొటోలు, అవి అక్కర్లేదట. ఆ కార్యాలయం పేరు ఇక్కడ చెప్పను. ఇదే పెట్టె గురించి ఇంకొందరిని అడిగి చూశాను. మాటలు మారాయి, చూపు మారలేదు. అందుకే మీ అందరినీ కలిపి అడుగుతున్నాను: ఒక ఊరి జనం ఏళ్ల తరబడి ప్రతి శనివారం రాత్రి ఎక్కడ చేరారో, ఏం చూశారో, ఎవరి పేరు పెట్టి కేకలేశారో చెప్పే ఫొటోలు ఆ ఊరి చరిత్ర కాకపోతే మరేమిటి?

ఈ లేఖ ఇంగ్లీషు ప్రతి మీకు విడిగా పంపాను. తెలుగులో అచ్చుకు ఇవ్వడం కావాలని చేసిన పనే. ఎడిసన్, ఓల్డ్ బ్రిడ్జ్, బ్రిడ్జ్‌వాటర్ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. మా ఇంటిపన్ను బిల్లుల్లో గ్రంథాలయానికని విడిగా ఒక వరుస ఉంటుంది. కౌంటీల ద్వారా చరిత్ర సంఘాలకు అందే గ్రాంట్లు కూడా ప్రజల సొమ్మే. మీరు ఏది దాచినా, ఏది తోసిపుచ్చినా అందులో మా వాటా ఉంది. ఆ సంగతి మా వాళ్లకు తెలియాలి, మా వాళ్లు అడుగుతున్నారని మీకూ తెలియాలి.

పరిధి అన్నారు. ఓల్డ్ బ్రిడ్జ్‌నే తీసుకోండి. 1975 దాకా ఈ టౌన్‌షిప్ పేరు మాడిసన్. ఇక్కడ అరమైలు చుట్టుకొలత గల తారు ట్రాకు ఒకటి ఉండేది, దాని పేరు ఓల్డ్ బ్రిడ్జ్ స్టేడియం. దక్షిణాది రాష్ట్రాల సొంత ఆట అని అందరూ అనుకునే నాస్కార్ స్టాక్ కార్ల పెద్ద రేసులు 1956 నుంచి 1965 దాకా ఇక్కడికీ వచ్చి వెళ్లాయి. 1964 జూలైలో హ్యూస్టన్‌కు చెందిన బిల్లీ వేడ్ ఈ ట్రాకు మీద గెలిచాడు. అదే నెలలో న్యూయార్క్ రాష్ట్రంలోని బ్రిడ్జ్‌హాంప్టన్‌లో, ఐస్లిప్‌లో, వాట్కిన్స్ గ్లెన్‌లో వరసగా గెలిచాడు. నాలుగు రేసులు, నాలుగు విజయాలు. ఆరు నెలలు తిరక్కుండానే, 1965 జనవరిలో, డేటోనాలో టైర్ల పరీక్ష చేస్తూ చనిపోయాడు. ఓల్డ్ బ్రిడ్జ్‌లో అతను కారు దిగుతున్నప్పుడు ఈ ఊరివాడే ఎవరో తీసిన ఫొటో ఒకటి ఏ ఇంటి బేస్‌మెంట్‌లోనో ఉండే ఉంటుంది. రేపు ఆ ఇంటివాళ్లు దాన్ని మీ దగ్గరికి తెస్తే మీరు ఇవ్వబోయే జవాబు ఇదేనా?

ఫ్లెమింగ్టన్ సంగతి ఇంతకన్నా బాధ కలిగిస్తుంది. 1935లో విమాన చోదకుడు లిండ్‌బర్గ్ బిడ్డ అపహరణ, హత్య కేసు విచారణ జరిగిన కోర్టు భవనం అక్కడే ఉంది. ఆరు వారాలు సాగిన ఆ విచారణకు సంబంధించిన ప్రతి కాగితమూ, కుర్చీ బల్లలతో సహా, చరిత్రగా గౌరవం పొందింది. పొందాల్సిందే. కానీ అదే ఊళ్లో 1856లో మొదలైన సంత మైదానం ఉండేది. ఆ మైదానంలో 1915 ప్రాంతం నుంచి కార్లు పరిగెత్తాయి. మైలులో ఎనిమిదింట అయిదు వంతులు ఉండే ఆ ట్రాకు మామూలు కోడిగుడ్డు ఆకారంలో కాక దాదాపు చదరంగా ఉండేది. 1991లో తారు వేసేదాకా మట్టి ట్రాకే. డ్రైవర్ల ప్రాణం కోసం మలుపుల్లో గోడలకు ఫోమ్ దిమ్మెలు పేర్చి చూసిన తొలి ట్రాకుల్లో అదొకటి. శనివారం రాత్రి ఇంజన్ల చప్పుడు ఆ ఊళ్లో తరాల తరబడి వినిపించింది. 2002 నాటికి అంతా ముగిసిపోయింది. ఇప్పుడక్కడ దుకాణాలు, కార్లు నిలిపే స్థలం. బ్రిడ్జ్‌వాటర్ వెంకటేశ్వరస్వామి గుడికి వచ్చిన మా వాళ్లు 202 రోడ్డు పట్టుకుని ఆ వైపు షాపింగుకు వెళ్తుంటారు. తాము ఎక్కడ నిలబడ్డారో చెప్పేవాళ్లు లేరు. ఆరు వారాల విచారణ చరిత్ర అయితే, 80 ఏళ్లకు పైగా ఊరిని ఒక్కచోట చేర్చినది చరిత్ర ఎందుకు కాదో మీరే చెప్పాలి.

ప్యాటర్సన్‌లో 1932లో కట్టిన హించ్‌లిఫ్ స్టేడియాన్ని చూడండి. తెల్లవాళ్ల జట్లలో చోటులేని నల్లజాతి ఆటగాళ్లు అక్కడ బేస్‌బాల్ ఆడారు. అందుకే 2013లో దానికి జాతీయ చారిత్రక స్థలంగా గుర్తింపు వచ్చింది. శిథిలమైన కట్టడాన్ని బాగుచేసి 2023లో మళ్లీ తెరిచారు. ఇది ఈ రాష్ట్రం గర్వించే పని. అదే స్టేడియంలో మిడ్జెట్ అనే చిన్న కార్ల రేసులు కూడా జరిగాయి. ఆట చూడటానికి వచ్చిన కార్మికుల కుటుంబాలు రెండింటికీ వచ్చాయి. బేస్‌బాల్‌ను చరిత్ర గదిలో కూర్చోబెట్టి, అదే మెట్ల మీద కూర్చున్న అదే జనం చూసిన రేసులను గుమ్మం బయట నిలబెట్టే గీత ఎవరు గీశారు? ఏ సమావేశంలో గీశారు?

ఇక నా పెట్టె గురించి. మా వీధిలో ఒక పాత ఇల్లు చేతులు మారినప్పుడు కొత్తగా వచ్చిన కుటుంబం దాన్ని చెత్తబండికి వేయబోతుంటే అడిగి తెచ్చుకున్నాను. మూత తీసినప్పుడు నాకు కార్ల గురించి పెద్దగా తెలియదు. ఇప్పుడు కొంత తెలుసు. ఫొటోలే నేర్పాయి.

మీరు ఆ ఫొటోలను ఒక్కసారి నిదానంగా చూడాలని నా కోరిక. మొదట కంటికి కనబడేవి కార్లు. 1930లలో తయారైన ఫోర్డ్, షెవర్లే కూపేలు. పాత ఇనుము కొట్ల నుంచి కొద్ది డబ్బుకు తెచ్చి, మడ్‌గార్డులు కోసేసి, అద్దాలు తీసేసి, తలకిందులైతే ప్రాణం నిలవడానికి లోపల ఇనుప గొట్టాలు వెల్డింగు చేసినవి. ఆ గొట్టాలు ఎలా పెరిగాయో ఫొటోల్లో వరసగా కనిపిస్తుంది. మొదట డ్రైవరు తల వెనక వంచిన ఒక్క గొట్టం, తర్వాత నాలుగు, తర్వాత పూర్తి పంజరం. నడుముకు కట్టుకున్న బెల్టు యుద్ధం తర్వాత సైన్యం అమ్మేసిన విమానాల బెల్టు. డ్రైవర్ల ఒంటి మీద మామూలు టీషర్టు, చేతికి తొడుగు కూడా లేదు. ఈ ఆటలో భద్రత నియమాల పుస్తకంలో పుట్టలేదు. గ్యారేజీల్లో, ఎవరో దెబ్బ తిన్న మరుసటి వారం, వెల్డింగు టార్చి పట్టుకున్న చేతుల్లో పుట్టింది. దానికి ఈ ఫొటోలకన్నా పెద్ద సాక్ష్యం ఎక్కడ దొరుకుతుంది?

తర్వాత కారు తలుపులు చూడండి. ప్రతి తలుపు మీదా చేత్తో రాసిన అక్షరాలున్నాయి. ఒక గ్యారేజి పేరు, ఒక పాల డెయిరీ, ఒక బేకరీ, ఇంట్లో వేడికి ఆయిల్ పోసే కంపెనీ, కింద ఫోను నంబరు. ఈ వ్యాపారాల్లో చాలావాటికి ఈనాడు బోర్డు లేదు, బిల్లు పుస్తకం లేదు. అవి ఉండేవని చెప్పేది ఆ తలుపే. పట్టణ వాణిజ్య చరిత్ర మీద మీరు ప్రదర్శనలు పెడతారు, పాత దుకాణాల బిల్లులు గాజు పెట్టెల్లో ఉంచుతారు. అదే దుకాణం పేరు రేసు కారు మీద ఉంటే మాత్రం అది వినోదం అయిపోతుందా?

ఇక వెనక కనబడేది. ట్రాకు చుట్టూ వేసిన చెక్క కంచె, దాని అవతల మొక్కజొన్న చేలు, ఒక గాదె, ఇటుక పొగగొట్టం. మెట్ల మీద జనం. తండ్రి భుజాల మీద పిల్లలు, ఆదివారం చర్చికి వేసుకునే గౌన్లలో అమ్మమ్మలు, యూనిఫారంలో సెలవు మీద వచ్చిన సైనికులు. ఒక ఫొటోలో హెల్మెట్ పట్టుకున్న అయిదుగురు ఆడవాళ్లు కార్ల ముందు వరసగా నిలబడి ఉన్నారు. అసలు రేసుల మధ్యలో ఆడవాళ్లకు మాత్రమే ప్రత్యేకంగా పెట్టే రేసుకు వచ్చినవాళ్లు వాళ్లు. ఎన్నో ట్రాకుల్లో ఆ రోజుల్లో ఆడవాళ్లను కార్లు సిద్ధం చేసే పిట్‌లోకి అడుగే పెట్టనిచ్చేవారు కాదు. 1970ల దాకా నాస్కార్ గ్యారేజీల్లోనూ అదే తీరు. అలాంటి కాలంలో స్టీరింగ్ పట్టిన అయిదుగురి పేర్లు ఫొటో వెనక లేవు. వాళ్లు ఈ కౌంటీ ఆడపడుచులే అయి ఉంటారు. మహిళా చరిత్ర మాసంలో మీ గోడల మీద వాళ్లకు చోటు ఉండకూడదా?

ఈ ఫొటోలు తీసినవాళ్లు పత్రికల పెద్దలు కారు. పగలు ఏదో ఉద్యోగం, శనివారం రాత్రి ట్రాకు మధ్యలో, కార్లకు చేయి చాపితే అందేంత దగ్గరలో నిలబడటం. బరువైన స్పీడ్ గ్రాఫిక్ కెమెరా, ఒక్కో ఫొటోకి ఒక్కో ఫ్లాష్ బల్బు. వెలిగి మాడిన బల్బు తీసి కొత్తది పెట్టేలోగా కార్లు ఇంకో చుట్టు తిరిగొస్తాయి. ఫిల్ము హోల్డరులో రెండే షీట్లు. అందుకని ఎప్పుడు నొక్కాలో తెలిసినవాడే ఆ పని చేయగలిగేవాడు. వారం తిరిగేసరికి ప్రింట్లు తీసి, వెనక తన రబ్బరు ముద్ర కొట్టి, డ్రైవర్లకూ వాళ్ల ఇంటివాళ్లకూ అమ్మేవారు. మీరు వద్దన్న ప్రతి ప్రింటూ ఒకప్పుడు ఒక కూలి మనిషి తన వారం జీతంలోంచి డబ్బు పెట్టి కొని దాచుకున్నదే. అంత విలువ ఇచ్చి దాచినదాన్ని వెల లేనిదని తేల్చడానికి మీకు ఎంత సమయం పట్టింది? పెట్టె తెరిచి చూడకుండానే తేల్చారు కదా!

పేర్ల మాట అన్నాను. ఈ విషయంలో నాకు నిద్ర పట్టనివ్వనిది అదే. కొన్ని ఫొటోలు పట్టుకుని ఓ వృద్ధాశ్రమంలో ఉన్న పెద్దాయన దగ్గరికి వెళ్లాను. కుర్రతనంలో ఆ ట్రాకుల్లో మెకానిక్కుగా పనిచేసిన మనిషి. ఆయన మొహాలు చూడలేదు. ముందు బంపరు చూశారు. ఆ గొట్టం వంపు ఫలానా గ్యారేజిదని చెప్పారు. కారు మీద అంకె రాసిన తీరు చూసి, రాసిన పెయింటరు ఎవరో చెప్పారు. అంకె తెలిశాక డ్రైవరు పేరు, డ్రైవరు పేరు తెలిశాక టైరు దొర్లిస్తున్న కుర్రాడి పేరు, ఆ కుర్రాడు తర్వాత ఏ ఫ్యాక్టరీలో చేరాడో అదీ చెప్పారు. నేను రాసుకుంటూనే ఉన్నాను. కొన్నిటి దగ్గర ఆగి, ఇవి తనకు తెలియవని, ఫలానా మనిషికి తెలుస్తాయని, ఆ మనిషి పోయిన ఏడాదే పోయాడని అన్నారు. మిగతా ఫొటోలతో మళ్లీ వెళ్లేసరికి ఈయన కూడా లేరు.

లెక్క చూడండి. 1955లో ఇరవయ్యేళ్ల మెకానిక్కు 1935లో పుట్టినవాడు. అతనికిప్పుడు తొంభై దాటుతున్నాయి. 1964లో ఓల్డ్ బ్రిడ్జ్ మెట్ల మీద పదేళ్ల పిల్లవాడికి డెబ్బై దాటాయి. పిల్లవాడికి కారు గుర్తుంటుంది, టైరు దొర్లించినవాడి పేరు గుర్తుండదు. ఫొటోను ఏ చల్లని గదిలోనైనా పెట్టి ఆపవచ్చు, దాని వెనక రాయాల్సిన పేరును ఆపలేం. మీరు మీ పరిధిని పునఃపరిశీలించడానికి కమిటీ వేసి, ఆ కమిటీ నివేదిక ఇచ్చేలోగా ఆ పేర్లు చెప్పగల మనుషులు ఎంతమంది మిగులుతారు?

రేసు ఫొటోలు కావాలంటే రేసు మ్యూజియాలకు ఇవ్వమని నాకు సలహా వచ్చింది. వాట్కిన్స్ గ్లెన్‌లో పరిశోధన కేంద్రం ఉంది, పెన్సిల్వేనియాలోని యార్క్ స్ప్రింగ్స్‌లో ఈస్టర్న్ మ్యూజియం ఉంది, అయోవాలోని నాక్స్‌విల్‌లో స్ప్రింట్ కార్ల మ్యూజియం ఉంది. వాళ్లు చేస్తున్న పనికి నేను చేతులెత్తి నమస్కరిస్తాను. అయినా ఆ సలహాను ఒప్పుకోలేను. ఆ సంస్థలకు ఆట ముఖ్యం, ఆటలో గెలిచినవాళ్లు ముఖ్యం. న్యూయార్క్‌లోని రోమ్ పట్టణం నుంచి వచ్చి మార్పులు చేసిన (మాడిఫైడ్) కార్ల రేసుల్లో 9 సార్లు జాతీయ ఛాంపియన్ అయిన రిచీ ఎవాన్స్‌కు హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటుంది. అదే రాత్రి పదకొండో స్థానంలో వచ్చి, సోమవారం పొద్దున మళ్లీ ట్రక్కు నడపడానికి పోయిన మనిషికి ఎక్కడుంది? అతని ఊళ్లోనే ఉండాలి. అతని మనవరాలు తాతను వెతుక్కుంటూ వెళ్లేది అయోవాకు కాదు, మీ గుమ్మానికి. ఒంగోలు వైపు తిరునాళ్లలో బండలాగుడు పందేలకు ఎడ్లను తోలిన రైతుల పేర్లు ఆ ఊళ్లు దాచుకోకపోతే దేశంలో ఇంకెవరు దాస్తారు? ఇక్కడా అంతే.

గెలిచినవాళ్ల విషయంలోనైనా పెద్దల రికార్డు నమ్మదగినదేనా? వెండెల్ స్కాట్‌ను గుర్తు చేసుకోండి. వర్జీనియాలోని డాన్‌విల్ మనిషి, నల్లజాతివాడు, తన కారు తానే బాగుచేసుకుంటూ 1952లో సొంత ఊరి మైదానం ట్రాకులో మొదలుపెట్టినవాడు. 1963 డిసెంబరు 1న జాక్సన్‌విల్‌లో అరమైలు మట్టి ట్రాకు మీద అందరికన్నా ముందున్నాడు. కానీ విజేతగా ప్రకటించింది బక్ బేకర్‌ను, ట్రోఫీ చేతికిచ్చిందీ బేకర్‌కే. గంటలు గడిచి జనం వెళ్లిపోయాక చుట్ల లెక్క తప్పిందని ఒప్పుకుని గెలుపు స్కాట్ పేరున రాశారు. అప్పటికి ట్రోఫీ లేదు, చప్పట్లు లేవు. ఆయన 1990లో కన్నుమూశారు. ట్రోఫీని నాస్కార్ ఆయన కుటుంబానికి అందించింది 2021లో. గెలుపు వేదిక మీద స్కాట్ నిలబడనే లేదు కనుక విజేత ఫొటో అంటూ ఆయనకు లేకుండా పోయింది. అధికారుల కెమెరా అధికారులు చూపించిన వైపే తిరుగుతుంది. మెట్ల మీద కూర్చున్నవాడి కెమెరా, పిట్‌లో తమ్ముడి కెమెరా, ఇంటివాళ్ల ఆల్బమ్ వేరే వైపు చూస్తాయి. మీ కౌంటీ ట్రాకుల్లో ఇలా లెక్కలోకి రానివాళ్లు ఎవరెవరున్నారో పెట్టెలు తెరవకుండా మీకెలా తెలుస్తుంది?

కాపీరైటు చిక్కులు అని కూడా విన్నాను. ఫొటో కొన్నవాడికి కాగితం మీద హక్కు ఉంటుంది, బొమ్మ మీద హక్కు తీసినవాడిదీ అతని వారసులదీ. అందులో నాకు తగాదా లేదు, ఆ ట్రాకు ఫొటోగ్రాఫర్లకు దక్కాల్సిన గౌరవం దక్కాలనే నా కోరిక కూడా. కానీ దాచడానికి ఆ చట్టం అడ్డు రాదు. ప్రచురణ కాని ఫొటోలను భద్రపరచడం కోసం గ్రంథాలయాలు, ఆర్కైవులు మూడు ప్రతుల దాకా తీసుకోవచ్చని అమెరికా కాపీరైటు చట్టం 108వ సెక్షనే చెబుతోంది. ప్రింటు వెనక రబ్బరు ముద్ర ఉంది. ఆ పేరు పట్టుకుని వారసులను వెతికి ఉత్తరం రాయడం మీ సిబ్బందికి చేతకాని పనా? ఊరి పాత భూముల దస్తావేజుల్లో వందేళ్ల కిందటి యజమానిని వెతికి పట్టుకుంటారు మీరు!

స్థలం లేదన్న మాటకు ఎక్కువ చెప్పను. ఈ పెట్టె మీ రీడింగ్ రూమ్ కుర్చీ ఒకటి పట్టేంత స్థలం కూడా పట్టదు.

ఆలస్యం మాత్రం నష్టమే. 1951 దాకా కొడాక్ తయారుచేసిన నైట్రేట్ ఫిల్ము మంటకు సులువుగా అంటుకునే రకం. దాని తర్వాత వాడకంలో మిగిలిన ఎసిటేట్ ఫిల్ము వేడికీ తేమకూ విరిగి వెనిగర్ వాసన కొడుతుంది. ఆ వాసనే ఆమ్లం. అది మొదలైతే పక్క ఫిల్మును కూడా చెడగొడుతూ తనంత తాను వేగం పెంచుకుంటుంది. ముడుచుకుపోయిన ప్లాస్టిక్ మీద బొమ్మ పొర ముడతలు పడి లేచిపోతుంది. 1960లు, 70ల రంగు ప్రింట్లు ఇప్పటికే ఎర్రబారి, పచ్చికా ఆకాశమూ ఒకే రంగులోకి దిగాయి. చల్లగా, పొడిగా ఉంచితే ఈ చెడటం ఎంతో నెమ్మదిస్తుంది. ఇది రాచెస్టర్‌లోని ఇమేజ్ పర్మనెన్స్ ఇన్‌స్టిట్యూట్ దశాబ్దాలుగా చెబుతున్నదే, మీ నిపుణులకు తెలియనిది కాదు. న్యూజెర్సీ వేసవిలో బేస్‌మెంట్ తేమ ఎలా ఉంటుందో కూడా మీకు తెలుసు. తెలిసి తెలిసి ఇలాంటి పాత ఫిల్మునూ ప్రింట్లనూ మళ్లీ బేస్‌మెంట్‌కే తిప్పి పంపడాన్ని ఏమనాలి?

ఆ ట్రాకులు నేల మీద ఉండి ఉంటే నేనింత ఆత్రపడేవాణ్ణి కాదేమో. పెన్సిల్వేనియాలోని రెడింగ్ సంత మైదానంలో అరమైలు మట్టి ట్రాకు ఉండేది. 1979లో చివరి రేసు జరిగింది, మరుసటి ఏడాది అక్కడ మాల్ తెరిచారు. ఆ మాల్ కూడా 2018లో మూతపడింది. ట్రాకును తుడిచిపెట్టిన కట్టడం నలభై ఏళ్లు కూడా నిలవలేదు! కనెక్టికట్‌లోని డాన్‌బరీ సంత 1981లో ఆగిపోయింది, దాంతో రేసులూ ఆగిపోయాయి. 1986లో అక్కడ మాల్ వెలిసింది. లాంగ్ ఐలాండ్‌లోని ఐస్లిప్ ట్రాకు మైలులో 5వ వంతు మాత్రమే, నాస్కార్ పెద్ద రేసులు నడిచిన ట్రాకుల్లో అన్నిటికన్నా చిన్నది. 1984లో అదీ పోయింది. వీటిలో ఏ ఒక్కటీ తిరిగి రాదు. ఉత్తర కరొలినాలోని నార్త్ విల్క్స్‌బరోకు మాత్రం అదృష్టం కలిసొచ్చింది. 1996లో వదిలేసిన ట్రాకు పాడుబడినా నేల మీద మిగిలింది కనుక 2022లో మళ్లీ కార్లు తిరిగాయి, 2023లో ఆల్‌స్టార్ రేసు జరిగింది. మన దగ్గర నేల మీద మిగిలింది ఏమిటి? ఓల్డ్ బ్రిడ్జ్‌కూ ఫ్లెమింగ్టన్‌కూ మిగిలినవి కాగితం మీద వెండి పొర, ఫిల్ము మీద వెండి పొర. అంతే.

ఇందులో నీకేమిటి పని అని మీరు మర్యాద కొద్దీ అడగలేదు, మా వాళ్లు మాత్రం అడిగారు. ఎక్కడో తెల్లవాళ్ల కార్ల ఆట, మనకెందుకన్నారు. నేను వాళ్లకిచ్చిన జవాబే మీకూ చెబుతాను. మా ఇళ్లున్న కాలనీలు చాలావరకు ఒకప్పటి పొలాలే. పాత ఫొటోల్లో ట్రాకు కంచె అవతల కనబడే చేలలాంటివే. మా పిల్లలకు ఇదే పుట్టిన ఊరు. వాళ్లు బడిలో తమ ఊరి గురించి రాయమంటే విప్లవ యుద్ధం నాటి జనరల్స్ గురించి రాస్తారు, ఆ తర్వాత నేరుగా ఇవాళ్టి మాల్‌కు వస్తారు. మధ్యలో రెండు వందల ఏళ్లు ఈ నేల మీద బతికిన మామూలు మనుషులు కనబడరు. వచ్చినవాళ్లం, ముందున్నవాళ్లను తెలుసుకోవడం మా ధర్మం అనుకుంటున్నాం. చూపించడం మీ బాధ్యత కాదా? రేపు మా తరం క్రికెట్ టోర్నమెంట్ల ఫొటోలు, సంక్రాంతి ముగ్గుల పోటీల ఫొటోలు, ఈ నేల మీద మేం మొదటిసారి బతుకమ్మ ఎత్తినప్పటి ఫొటోలు పట్టుకుని మా మనవలు మీ గుమ్మం ఎక్కుతారు. వినోదం మా పరిధిలోకి రాదు అన్న వాక్యం ఆ రోజు కూడా మీ బల్ల మీద సిద్ధంగా ఉంటుందా?

మాంద్యం రోజుల్లో సాక్షాత్తూ ఈ దేశ ప్రభుత్వమే ఫార్మ్ సెక్యూరిటీ అడ్మినిస్ట్రేషన్ పేరున ఫొటోగ్రాఫర్లను ఊళ్ల మీదికి పంపింది. వాళ్లు పొలంలో కూలీనీ, సంతలో జనాన్నీ, మెట్ల మీద కూర్చున్న పిల్లలనూ తీశారు. ఆ నెగెటివులు ఇవాళ లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్నాయి, ప్రపంచమంతా వాటిని వాడుకుంటోంది. ఆ రోజు ఎవరూ అది వినోదమా, పనా, పూజా అని విడదీసి తీయలేదు. మీ కౌంటీలో అదే పనిని ఎవరూ పంపకుండా, ఎవరూ జీతం ఇవ్వకుండా, శనివారం రాత్రుల్లో చేసినవాళ్లున్నారు. వాళ్ల పెట్టెలు ఇప్పుడు ఒక్కొక్కటీ బయటికొస్తున్నాయి. ఇళ్లు అమ్ముడవుతున్నాయి, పెద్దవాళ్లు పోతున్నారు. దొరికినదాన్ని మళ్లీ పోగొట్టుకోవడం మొదటిసారి పోగొట్టుకోవడం కన్నా పెద్ద తప్పు, ఎందుకంటే ఈసారి మనకు తెలిసే జరుగుతుంది.

నేను అడిగేది అసాధ్యమైనది కాదు. పెట్టెను పెట్టెగానే తీసుకోండి. చర్చి ఫొటోలు ఒకవైపు, కార్లు ఒకవైపు అని చింపకండి. ఆ ఊరేగింపూ, ఆ రేసూ ఒకే ఇంటివాళ్లు ఒకే పెట్టెలో దాచుకున్నవి. ఫొటో ముందువైపుతో పాటు వెనకవైపు కూడా స్కాన్ చేయండి. పెన్సిల్ గీతలు, ముద్రలు, ధర రాసిన అంకె అన్నీ అక్కడే ఉన్నాయి. నెలకొక శనివారం మీ గది తలుపులు తెరిచి, ఫొటోలు బల్లల మీద పరచి, ఊరి పెద్దవాళ్లను పిలవండి. వాళ్లు చెప్పింది రికార్డు చేయండి. రాలేనివాళ్ల దగ్గరికి వృద్ధాశ్రమాలకు మీరే వెళ్లండి. ఆ పనికి మనుషులు చాలకపోతే మేం వస్తాం. స్కానింగు, కేటలాగు, వెబ్‌సైటు పనులు రోజూ చేసేవాళ్లకు మా ఇళ్లలో కొరత లేదు. మా పిల్లలకు వేసవిలో స్వచ్ఛంద సేవ గంటలు కావాలి, వాళ్లను పంపుతాం. రేసు మ్యూజియాలకు కాపీలు ఇవ్వండి. అసలు ప్రతులు మాత్రం ఈ కౌంటీ దాటకూడదు.

మీలో ప్రతి ఒక్కరి నుంచీ లిఖితపూర్వకమైన జవాబు కోరుతున్నాను. క్రీడా ఫొటోలు మీ సేకరణలోకి రావని ఏ సమావేశంలో, ఏ తీర్మానంతో నిర్ణయించారో ఆ ప్రతి పంపండి. అలాంటి తీర్మానమే లేకపోతే, ఇది కేవలం అలవాటుగా చెబుతూ వచ్చిన మాటే అయితే, వచ్చే సమావేశం అజెండాలో ఈ అంశాన్ని చేర్చండి. ప్రజలు మాట్లాడే సమయానికి నేను వస్తాను. నాతో పాటు ఇరుగుపొరుగు తెలుగువాళ్లు కొందరు, ఆ ట్రాకుల్లో చిన్నప్పుడు టికెట్లు చింపిన ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లు వస్తామన్నారు. పెట్టె కూడా తెస్తాను. ఒక బల్ల ఖాళీగా ఉంచండి.

ఇట్లు,
మీ కౌంటీ పన్ను చెల్లించే ఓల్డ్ బ్రిడ్జ్ నివాసి